బల్బు కింద కౌసల్యమ్మ

"కదలకు, వేడి పోతది," అంటూ కుర్మయ్య కోడిపిల్లల షెడ్డులోని బల్బును భార్య నెత్తిమీదికి దించాడు.

"ఏందయ్యా! థైరాయిడ్ గోలీ ఏసుకుంటున్న గదా. నేనేమన్న కోడిపిల్లనా?"

"ఒంట్ల వేడి తక్కువుంది, రోజూ చూసుకొమ్మని డాక్టరమ్మ చెప్పలే? వేడి సంగతి నాకు తెల్వదా?"

థర్మామీటరు ఆమె నోట్లో పెట్టి, బల్బు తీగ పట్టుకుని పక్కనే కూర్చున్నాడు. షెడ్డు అదిరేలా పైనుంచి ఓ విమానం దగ్గర్లోని ఎయిర్‌పోర్టులోకి దిగింది. కోడిపిల్లలు బెదిరాయి. కౌసల్యమ్మ బెదరలేదు.

థర్మామీటరు తీసి చూసి మురిసిపోయాడు.

"తొంభై ఎనిమిది దాటింది! గానీ, వెచ్చబడ్డ పిల్లలు బల్బుకు దూరం జరుగుతయ్. నువ్వేందే, ఇంకా దగ్గరికే జరుగుతున్నవ్?"

"బల్బు ఆర్పి చూడు," అంది కౌసల్యమ్మ, "ఎవరి దిక్కు జరుగుతున్ననో."