అస్సాం మిరపకాయ

"ఆ కాయ మాత్రం పెట్టమాక అన్నా! వదిన చచ్చిపోద్ది!"

మిద్దె మెట్ల మీద అన్నకి అడ్డం నిలబడింది ధనలక్ష్మి. కామాక్షయ్య చేతిలో ఎర్రగా, ఒళ్ళంతా ముడతలతో ఒక మిరపకాయ ఉంది. కొడుకు శివశంకర్ ఎక్కడో అస్సాం నుంచి విత్తనాలు తెప్పించి పెంచిన చెట్టుకి కాసిన మొదటి కాయ అది. కోసేటప్పుడు చేతికి కవరు తొడుక్కోవాలని శివశంకర్ ముందే చెప్పిపెట్టాడు. కామాక్షయ్య ఉత్త చేత్తోనే కోసి, తొడిమ కూడా తీసేశాడు.

"తప్పుకో ధనా. అది ఒక్క అరుపు అరిస్తే చాలు నాకు."

కామాక్షయ్య భార్య నాగులమ్మ నోరు తెరిచి నెలలైంది. మైపాడు ఒడ్డున ఆమె గొంతు ఎరగని మనిషి లేడు. ఆమె చేపల బేరం మొదలుపెడితే నెల్లూరు వ్యాపారులు కూడా అడిగినంత ఇచ్చి తప్పుకునేవాళ్ళు. అలాంటిది, బోటు తిరగబడి కొడుకు శవం ఒడ్డుకి కొట్టుకొచ్చిన రోజున కూడా ఆమె ఏడవలేదు. ఇందుకూరుపేట డాక్టరు గొంతు చూసి బాగానే ఉందన్నాడు. నెల్లూరు డాక్టరు తలకి ఫొటో తీయించి అదీ బాగానే ఉందన్నాడు. అన్నీ బాగున్న మనిషి ఇంట్లో రాయిలా కూర్చుంటే ఎదురుగా ఉన్నవాడు ఎలా బతకాలో మాత్రం ఏ డాక్టరూ చెప్పలేదు పాపం.

అందుకని కామాక్షయ్య సొంత వైద్యం మొదలుపెట్టాడు. శివశంకర్ మిద్దె నిండా చేపల థర్మోకోల్ పెట్టెల్లో రకరకాల మిరపచెట్లు పెంచాడు. బజ్జీ మిరప, గుండు మిరప, సన్నకాయ, ఆకాశంలోకి నిక్కి చూసే కేరళ కాంతారి. కామాక్షయ్య కారం తక్కువ వాటితో మొదలుపెట్టి, రోజుకో రకం భార్య పళ్ళెంలో పెడుతూ వచ్చాడు. పెట్టినదల్లా నాగులమ్మ నమిలి మింగింది. కళ్ళ వెంట ముక్కు వెంట నీళ్ళు కారేవి కానీ, ఒక్కసారి కూడా "అబ్బా" అనలేదు.

"వదినకి కావల్సింది కారం కాదన్నా," అంది ధనలక్ష్మి. "ఆ పొద్దున తిట్టి పంపించినానని లోపల కుమిలిపోతా ఉంది. ఎండుచేపలు ఆరబెట్టుకునేదానికి చోటు లేకుండా చేసినావు, నీ చెట్లన్నీ పీకి పారేస్తా అనింది. వాడు రోషంతో చద్దన్నం క్యారేజీ వాకిట్లోనే పెట్టేసి బోటెక్కినాడు. బిడ్డని తిట్టని తల్లి ఉంటదా?"

"ఆ ముక్క దానికి నేను చెప్పలేదా? చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది. దాని నోరు మాత్రం తెరుచుకోలేదు."

చెల్లెల్ని పక్కకి నెట్టి కామాక్షయ్య గబగబా మెట్లు దిగాడు. నాగులమ్మ పళ్ళెం ముందు కూర్చుని ఉంది. ధనలక్ష్మి వెనకే పరిగెత్తుకొచ్చి, వదిన ముందు నుంచి పళ్ళేన్ని లాగేసుకుంది.

"ఇప్పుడు యాడ పెడతావో పెట్టు!"

కామాక్షయ్య ఒక్క నిమిషం అటూ ఇటూ చూశాడు. తర్వాత భార్య ఎదురుగా గొంతుక్కూర్చుని, ఆమె చేయి పట్టుకుని, కాయని అరచేతిలో పెట్టి వేళ్ళు మూశాడు.

"నీ కొడుకు పెంచిన చెట్టుదే ఇది. తిను. మండితే నన్ను తిట్టు. కొట్టినా సరే, పడతా."

నాగులమ్మ ఉలిక్కిపడి చేయి విదిలించింది. కాయ ఎగిరి గడప దగ్గర పడింది.

"కింద పెట్టయ్యా! చేతికియ్యమాక!"

గొంతు బొంగురుపోయి ఉంది కానీ, ఆమె గొంతే. ధనలక్ష్మి చేతిలో పళ్ళెం వాలి పులుసంతా చీర మీద ఒలికింది. కామాక్షయ్య కూర్చున్న చోటే కూలబడి భోరుమన్నాడు. ఏడుస్తూ ఆ చేత్తోనే కళ్ళు తుడుచుకున్నాడు. కళ్ళు భగ్గున మండాయి. "అబ్బా, చచ్చినాన్రా దేవుడా!" అని అరుస్తూనే నవ్వాడు.

"ధనా, మాట్లాడింది! విన్నావా?"

"విన్నానన్నా, విన్నాను!"

"ఏందే నీ భయం?" కళ్ళు తెరవలేక తెరుస్తూ భార్యని అడిగాడు కామాక్షయ్య. "మిరపకాయలు చేతికిస్తే తగువులొస్తాయనా? రానీ! తెల్లారి లేస్తే తగువులాడుకునే మొగుడూ పెళ్ళాలమే గదా మనం. ఇంక రోజూ చేతికే ఇస్తా."

"నాకూ ఇయ్యి వదినా, మనిద్దరం జుట్లు పట్టుకుందాం," అంది ధనలక్ష్మి నవ్వుతూ, ఏడుస్తూ. శివశంకర్ పోయాక ఆ ఇంట్లో నవ్వు వినపడటం అదే మొదలు.

నాగులమ్మ నవ్వలేదు. అరచేతిని చీరకొంగుకేసి తుడుస్తూ ఉంది. తుడిచిన చోటే మళ్ళీ మళ్ళీ తుడుస్తూ ఉంది.

"చద్దన్నంలోకి మిరపకాయలు కావాలని వాడు చెయ్యి చాపినాడయ్యా," అంది. "చేపలు ఆరబెట్టే తొందరలో నేను కింద పెట్టలేదు... బిడ్డకి చేతిలోనే పెట్టినా."