నడిచే దూరం

“ఈ తూరన్నా నోరు అదుపులో పెట్టుకో,” అన్నాడు హరీష్. “అంగడి యాడ అంటే ఈడే అను. బస్సు యాడ అంటే ఈడే అను. అంతే.”

“నాకు అబద్ధం చెప్పేకి రాదు,” అంది చంద్రిక.

“రాకపోతే ఈడనే పడుండు. నిజాలు చెప్పి, ఇల్లు చూసేకి వచ్చినోళ్లను ఇప్పటికే ముగ్గుర్ని తరిమినావు.”

చంద్రిక చీపురు తీసుకుని ముందుగది ఊడవసాగింది. మదనపల్లె విడిచి బెంగళూరొచ్చి ఎనిమిది నెలలు. ఊరు బెంగళూరని పేరే గానీ, వాళ్లుండేది హొసకోట రోడ్డుకు మూడు కిలోమీటర్లు లోపల, కొత్తగా వేసిన లేఅవుట్‌లో. చుట్టూ సర్వే రాళ్లు, వాటి మధ్య పిచ్చిమొక్కలు. పొద్దున స్కూటరెక్కిన హరీష్ చీకటి పడ్డాక వస్తాడు. అంతదాకా ఆమే, నాలుగేళ్ల కూతురే. మదనపల్లెలో కరివేపాకు కోసం వీధిలోకి పోతే ముగ్గురితో మాట్లాడి గానీ ఇల్లు చేరేది కాదు. ఇక్కడ గోడలతోనే మాటలు.

కె.ఆర్.పురం మార్కెట్ వెనక సందులో ఒక ఇల్లు దొరికింది. బడి, కూరగాయలు, డాక్టరు, అన్నీ కాళ్లకిందే. ఈ సాయంత్రం దాకా ఎవరికీ ఇవ్వనని ఆ ఇంటామె మాటిచ్చింది. కానీ ఈ ఇంటి ఓనరు మొండివాడు. అద్దెకు ఇంకొకరిని చేర్చేదాకా అడ్వాన్సు తిరిగివ్వనన్నాడు. అది చేతికి రాకుండా కొత్తింట్లో కాలు పెట్టే దారి లేదు.

పదకొండు గంటలకు ఆటో వచ్చి ఆగింది. దిగినాయన పేరు జయచంద్ర. ఇస్త్రీ చొక్కా, మర్యాదైన మనిషి. భార్య గంగాదేవి.

“మాది కుప్పం దగ్గరన్నా,” అన్నాడాయన వీధిని ఆ చివరి నుంచి ఈ చివరికి చూస్తూ. “మా కంపెనీ వ్యాను ఈ ఇంటి ముందరికే వస్తాదంట. అదొక్కటే బాగుండాది. మనిషి జాడ లేదే ఈడ! మాకు బండి గూడా లేదు.”

“ఇల్లు ఆడోళ్లకు నచ్చాల గదప్పా. రా, మిద్దెమీద ట్యాంకు చూద్దువు,” అని హరీష్ ఆయన్ని పైకి లాక్కుపోయాడు.

గంగాదేవి వంటగది వైపు కన్నెత్తి కూడా చూడలేదు. నేరుగా కిటికీ దగ్గరకు వచ్చి నిలబడింది.

“అంగళ్లు దగ్గర్లో ఉండాయా అక్కా?”

చంద్రిక చూపు నేలకు దించుకుంది. “ఆ... ఈడే. ఆ మలుపు తిరిగితే సాలు.”

“నడిచి పోవచ్చునా?”

“నాలుగడుగులు.”

“ఏమేం అంగళ్లు?”

“అన్నీ ఉండాయమ్మా. రేత్రి పది దాకా తెరిచే ఉంటాయి.” మొదటి అబద్ధమే కష్టం. తర్వాతవి వాటంతటవే వచ్చేశాయి.

గంగాదేవి ముఖం వాడిపోయింది. కొంగు సర్దుకుని, “సరే అక్కా, పోయొస్తాం,” అని గుమ్మం వైపు తిరిగింది.

పట్టుబడిపోయాననుకుంది చంద్రిక. ఒళ్లంతా సిగ్గుతో మండింది. ఎనిమిది నెలల్లో మొదటిసారి ఒక మనిషి తన యాసలో అక్కా అని పిలిచింది. ఆ పిల్లను తెచ్చి ఈ కిటికీకి కట్టేసి, తను తప్పించుకోవాలనుకుంది! గబుక్కున గంగాదేవి చెయ్యి పట్టుకుంది.

“ఉండమ్మా. నేను చెప్పిందంతా అబద్ధం. ఈడ ఏమీ లేదు. అగ్గిపెట్టె కావాలన్నా మూడు కిలోమీటర్లు పోవాల. పోయిన నెల పాపకు జరమొస్తే సంకనేసుకుని మిట్టమధ్యాన్నం మెయిన్ రోడ్డు దాకా నడిచినాను. దావలో ఒక్క మనిషి ఎదురు పడలే. పొద్దు గూకితే కుక్కల గుంపులు. ఇది ఇల్లు కాదు తల్లీ, జైలు. నువ్వు చేరితే నేను బయటపడతానని అట్ల చెప్పినాను.”

మెట్ల మీద అడుగుల చప్పుడు ఆగింది. గుమ్మంలో హరీష్. అంతా విన్నాడు. ముఖం కందగడ్డలా అయింది. చంద్రిక అతని వైపు చూడలేదు. మార్కెట్ సందులో ఇల్లు పోయినట్టేనని ఆమెకు తెలుసు. ఇంకెన్నాళ్లో ఇక్కడ.

గంగాదేవి మాత్రం కదల్లేదు. “మూడు కిలోమీటర్లా? నిజంగానా అక్కా?”

“నా బిడ్డ మీద ఒట్టు.”

“సాయంత్రం పూట ఆటోలు?”

“పిలిచినా రావు.”

“అంటే, బండి లేని మనిషి ఈడ్నించి యాడికీ పోలేడు.”

“యాడికీ పోలేడు.”

మిద్దె దిగి నేరుగా ఆటో దగ్గరకు పోయిన జయచంద్ర బయట నుంచి కేకేశాడు. “ఏమే! వద్దని చెప్పేసి రా! ఆటోవాడు తొందరపడతాండాడు.”

గంగాదేవి హరీష్ దగ్గరకు నడిచింది. బ్యాగులోంచి డబ్బున్న కాగితం పొట్లం తీసి అతని చేతిలో పెట్టింది. “అడ్వాన్సు కింద ఇది పెట్టుకోండన్నా. మిగతాది రేపు తెస్తాను. ఓనరుకు ఇప్పుడే ఫోన్ చేయండి. ఇల్లు మాకే.”

హరీష్ పొట్లం విప్పి చూశాడు. చంద్రిక ఆమె భుజం పట్టుకుని కుదిపింది. “నీకేమన్నా పిచ్చా? ఇంత చెప్పినా యాల చేరతావు?”

గంగాదేవి ఒకసారి ఆటో వైపు చూసి, చంద్రిక చెవి దగ్గరకు వంగింది.

“నాలుగు నెలలుగా ఈ ఊరంతా తిరగతాండాను అక్కా. మా ఆయన నడిచి పోగలిగినంత దూరంలో బ్రాందీ షాపు లేని ఇల్లు ఇప్పటికి దొరికింది.”