ఆయన దాచుకున్న మాట

"చూడకుండా ఇచ్చెయ్ తల్లీ. ఇప్పుడు చూస్తే ఏమొస్తుంది? పోయినాయన తిరిగొస్తాడా, నీ పద్దెనిమిదో ఏడు తిరిగొస్తుందా?" అన్నాడు ఈల మాస్టారు గుమ్మంలో చెప్పులు విప్పుతూ.

మెడలో ఈల లేకుండా ఆయనను ఎవరూ చూడలేదు కనుక ఆ పేరు స్థిరపడింది. వాలీబాల్ క్లబ్బులో ఆమె తండ్రికి ముప్పయ్యేళ్ళ జతగాడు. తండ్రి పోయి మూడు వారాలైంది. ఆయన రాసిన పుస్తకాలను భద్రపరుస్తామని క్లబ్బువారు అడిగితే, తీసుకువెళ్ళడానికి మాస్టారు వచ్చాడు.

"ఒక్క పుస్తకం చూస్తాను బాబాయ్, ఆ ఏడాదిది. తర్వాత అన్నీ పట్టుకెళ్ళు."

ఊరూరా తిరిగి మంచి ఆటగత్తెలను వెదకడం తండ్రి ఉద్యోగం. మైదానం గట్టున కూర్చుని ఒక్కొక్కరి గురించి ఒక్కొక్క కాగితం రాసేవాడు. పుస్తకంలో ప్రతి తెల్ల కాగితం కిందా ఒక పసుపు కాగితం, నడుమ కార్బన్. తెల్లది ఆ సాయంత్రమే చుక్కల గీత వెంట చింపి క్లబ్బుకు పంపేవాడు. పసుపుది పుస్తకంలో మిగిలేది. అడుగున తీర్పు మాత్రం ఇంగ్లీషులో ఒక్క మాట. ఆట బాగుంటే 'ఫస్ట్ రేట్', అంతకు మించితే 'టాప్ క్లాస్'. ఆ మాటలు ఇంట్లోనూ దొర్లేవి. భార్య కలిపిన కాఫీ ఫస్ట్ రేట్, కుట్టిన బొత్తాం టాప్ క్లాస్. అన్నిటికీ పైనున్న 'బిగ్ లీగ్' మాత్రం ఆయన నోట వచ్చేది కాదు. ఆ మాట ఉన్న కాగితం అందితే క్లబ్బు మారుమాట లేకుండా వారంలోగా పిలిచేది. అలా వెళ్ళినవాళ్ళు ముప్పయ్యేళ్ళలో నలుగురే.

ఆమె కూడా వాలీబాల్ ఆడేది. పద్దెనిమిదో ఏట, ఆ ఏటి ఆఖరి పోటీ రోజున, తండ్రి గట్టున కూర్చుని ఆమె ఆట చూసి రాశాడు. తల్లి అప్పటికే నడుము చచ్చుబడి మంచాన పడింది. తండ్రి నెలకు ఇరవై రోజులు తిరుగుడు మీదే ఉండేవాడు. తల్లికి పక్క మార్చాలన్నా, ముద్ద నోట పెట్టాలన్నా ఇంట్లో ఆమె ఒక్కతే.

వారం గడిచింది. నెల గడిచింది. "అక్కణ్ణుంచి కబురేం రాలేదమ్మా" అన్నాడు తండ్రి, వంగి బూటు లేసులు ముడివేసుకుంటూ.

ఆమెకు దానిలో ఒకే అర్థం కనిపించింది: నాన్న ఆ మాట రాయలేదు. మరి బంతి ముట్టలేదు. తల్లి ఆరేళ్ళు బతికింది. ఆ తరువాత ఆమె తపాలా ఆఫీసులో ఉత్తరాలు వేరుచేసే పనిలో చేరింది. తండ్రికి వేళకు అన్నం పెట్టింది, మందులిచ్చింది. అవసరానికి మించి మాట్లాడలేదు. చివరి వారంలో ఆయన, "నీకో మాట చెప్పాలమ్మా" అన్నాడు. "ముందు మాత్ర వేసుకో" అంది.

ఇప్పుడు పుస్తకం చేతికందాక, తెరవకుండానే ఈల మాస్టారి ముందుకు జరిపింది.

"నావల్ల కాదు బాబాయ్. నువ్వే చదువు."

"నన్నా చదవమంటున్నావ్! ఎదురుగా ఏనుగొచ్చినా ఎవరింటి మనిషని అడిగే కళ్ళు నావి." ఈల మాస్టారు పుస్తకాన్ని ముక్కుకు ఆనించుకుని తిప్పసాగాడు. "ఈ కార్బన్ రాతతో చచ్చేచావు. అన్నీ అలుక్కుపోయాయి... ఇదుగో, దొరికావు. నీది మాత్రం భలే స్పష్టంగా ఉందే!"

"చదువు."

"ఎడమచేతి వాటం. బంతి పడే చోట బంతికన్నా ముందుంటుంది. తప్పు చేస్తే నవ్వదు, ఏడవదు, మళ్ళీ చేయదు."

"తీర్పు? ఫస్ట్ రేటేగా? చెప్పు బాబాయ్, నేనేం పడిపోను."

"బిగ్ లీగ్."

ఆమె గోడకు చేయి ఆనించి కూర్చుంది. "మరి ఎందుకు పిలవలేదు?" అంది.

"ఆ ఏడే క్లబ్బు ఆఫీసు మారింది తల్లీ. ఏ సొరుగులో పడి మగ్గిపోయిందో! ఉత్తరాలు దారి తప్పడం నీకు నేను చెప్పాలా?"

చెప్పనక్కరలేదు. అలా దారి తప్పిన ఉత్తరాలు రోజూ ఆమె చేతుల మీదుగా పోతుంటాయి. తండ్రి పోయిన రోజు రాని ఏడుపు ఇప్పుడు కట్టతెగి వచ్చింది.

"రాశాడు బాబాయ్! నాన్న రాశాడు. ఇరవై ఎనిమిదేళ్ళు ఆయన్ని దోషిలా చూశాను. ఆ మాట చెప్పబోతే నోరు మూయించాను."

"ఊరుకో తల్లీ. ఈ కాగితం నువ్వుంచుకో. క్లబ్బుకు నేను సర్దిచెబుతాలే."

పుస్తకాన్ని ఆమె ఒడిలో పెట్టాడు. ఏదీ కనబడని తడికళ్ళతోనే ఆమె బొటనవేలితో అంచు తడుముకుని, చిరగకుండా మెల్లగా లాగింది. కాగితం చుక్కల గీత వెంట సులువుగా ఊడి వచ్చింది. దాన్ని గుండెకు హత్తుకుని, కళ్ళు తుడుచుకుని, పుస్తకం మూయబోయింది.

ఆమె చేతిలో ఉన్నది తెల్ల కాగితం. కింద పసుపు కాగితం ఉంది.