ఊపిరి పైపు

మొయినాబాద్ దాటాక కట్టిన ఆ కొత్త విల్లాకు ధనరాజ్ కాపలా. అతని భార్య నిర్మల అందులోనే ఊడ్చి తుడుస్తుంది. ఆరేళ్ల కిందట అదంతా వాళ్ల పొలమే.

ఆ సాయంత్రం సాఫ్ట్‌వేర్ సారు వాళ్లు ఇంకా ఇల్లు చేరలేదు. పొద్దు గూకగానే కరెంటు పోయింది. చీకటి హాల్లో ధనరాజ్ ఆ సారు పిల్లాడి బొమ్మ హెలికాప్టర్‌ను ఎగరేస్తున్నాడు. ఎర్ర లైటు పెట్టుకుని అది గండుతుమ్మెదలా రొద చేస్తూ తిరుగుతోంది.

"జర పైలం. పగిలితే మన నౌకరీ పోతది" అంది నిర్మల.

"ఫికర్ జెయ్యకు. నేల దగ్గరికొస్తే దాని గాలికి అదే తేలుతది."

నిజంగానే దిగిన ప్రతిసారీ తేలింది. హాలు నడుమకు వచ్చేసరికి మాత్రం జారింది. దాని రొద ఖాళీ కుండలో మోగినట్టు బోలుగా వినిపించింది.

ఇద్దరికీ ఆ చోటు తెలుసు. వాళ్ల పొలం బావి ఉండింది అక్కడే. బావిని పూడిస్తే దానికి ఊపిరాడటానికి ఒక పైపు నిలబెట్టాలంటారు. ధనరాజే నిలబెట్టాడు. టైల్స్‌కు అడ్డమొస్తోందంటే తనే కోసేశాడు.

"దించు" అంది నిర్మల మెల్లగా.

అతను రిమోట్ పుల్ల వదిలేశాడు. ఎర్ర లైటు కిందికి దిగింది. ఇంకా కిందికి దిగింది. చుక్కంతై కనబడకుండా పోయింది. టైల్స్ మీద పడ్డ చప్పుడు రాలేదు.

చిన్నప్పుడు ధనరాజ్ ఆ బావిలో రాయి వేస్తే, నాలుగు లెక్కపెట్టేసరికి నీళ్ల చప్పుడు వినబడేది.

నిర్మల అతని చెయ్యి పట్టుకుంది.

"మూడు" అన్నాడు ధనరాజ్.