నల్లమందు దేవసహాయం

"తగ్గించకండి బాబూ, మీ కాళ్ళు పట్టుకుంటా!" అంటూ దేవసహాయం నిజంగానే వంగాడు.

డాక్టరు మధుసూదనరావు కుర్చీ వెనక్కి లాక్కున్నాడు. "నల్లమందు అలవాటు పడ్డవాళ్ళ చేత మాన్పించడానికేనయ్యా సర్కారు ఈ చీటీలిస్తోంది. ఇంకెందుకూ కాదు. వచ్చినప్పుడల్లా తగ్గించాల్సిందే. ఎప్పట్నించి తింటున్నానన్నావ్?"

"మీసాలు రాకముందు నించేనండీ." దేవసహాయం కళ్ళు అరమూసి ముక్కు గోక్కున్నాడు.

"సరే, కొనుక్కున్నాక ఓ ముక్క ఇక్కడే నోట్లో వేసుకుని వెళ్ళు. ఆ చేతుల వణుకైనా తగ్గుతుంది."

"ఇంటికెళ్ళి వేసుకుంటానండీ. పెద్దల ముందు సిగ్గండీ."

డాక్టరు నవ్వి, చీటీలో సగానికి సగం కోసేశాడు.

కిందటిసారి పక్కనున్న సర్కారు దుకాణంలో రేగుపండంత ఇచ్చారు. ఈసారి ఇచ్చింది కుంకుడు గింజంత. దేవసహాయం దాన్ని పంచె కొంగున ముడేసుకుని బందరులో బస్సెక్కాడు. ఇది అయిపోతే ఏం చెయ్యాలో దారి పొడుగునా అతనికి తోచలేదు.

పామర్రులో దిగేసరికి పాస్టరు జ్ఞానయ్యగారు ఎదురయ్యారు.

"మళ్ళీ నల్లమందుకేనా?"

దేవసహాయం కొంగు ముడిని చేత్తో కప్పుకున్నాడు.

"నీ భార్య రాహేలు గుడికొచ్చి ఎన్నాళ్ళయిందయ్యా? నీ మూలాన నలుగురిలో మొహం చెల్లకేగా! పైగా ఆ మత్తులో దాన్ని గొడ్డుని బాదినట్టు బాదుతున్నావట. ఏడుపులు పేటంతా వినిపిస్తున్నాయి. కాదని ఒక్క మాటన్నా అను, వింటాను."

దేవసహాయం నోటిదాకా వచ్చిన మాటను మింగేశాడు. నోరు జారి చీటీ పోతే ఇంకేముంది?

"అయితే విను. ఈ ఆదివారం నుంచి నిన్ను ప్రభువు బల్లకు రానివ్వం."

బాప్తిస్మం తీసుకున్ననాటి నుంచీ ఒక్కసారీ బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకోవడం మానని మనిషి.

"అలాగేనండి అయ్యగారూ," అన్నాడు.

ఇంట్లో అడుగుపెడుతూనే తలుపు గడియ వేశాడు. కొంగు ముడి విప్పి, ఉండలోంచి కొంచెం గిల్లి, చెంచాడు నీళ్ళలో రంగరించాడు. నీళ్ళు సరిగ్గా రంగైనా మారలేదు. ఇంత చిన్న ముక్క ఏ మూలకొస్తుంది? పైనున్న దేవుడి మీద కూడా కోపం వచ్చింది. మంచం దగ్గర చతికిలబడి చెంచా ఎత్తాడు.

రాచపుండుతో మూలుగుతున్న రాహేలు నోట్లో పోశాడు.