మెత్తని పాకం బిళ్లలు

చెల్లీ, నీ మోకాళ్లు ఎలా ఉన్నాయి? మరిదిగారి దగ్గు తగ్గిందా? కోడలు వేళకు తింటోందా? నాకన్నీ బెంగలే.

మీ బావకు మతి నిలవడం లేదు. గేటు తీసి ఉంటే ఎటో నడిచిపోతారని పగలంతా తాళం వేస్తున్నాను. నోట్లో పాకం బిళ్ల ఉన్నంతసేపే కుదురుగా కూర్చుంటారు.

ఇవాళ పాలు, బెల్లం, వెన్న పొయ్యి మీద పెట్టి కలుపుతున్నాను. చేయి ఆపితే అడుగంటుతుంది. కాస్త ముదిరితే ఆయన బోసినోటికి కొరుకుడు పడదు. ఆయనేమో గేటు పట్టుకుని ఊపుతున్నారు.

"తాళం తియ్యండి, మా ఇంటికెల్లిపోతాను."

"ఇదే మనిల్లు మావా. కూకో, బిల్లలెడతాను."

ఉన్నట్టుండి చప్పుడు ఆగింది. ప్రహరీ దూకేశారేమో అనుకున్నాను. పాకం మాడితే మాడిందని పరుగెత్తాను.

ఆయన అరుగు మీద కూర్చుని, జేబులోని బిళ్లకు చుట్టిన కాగితం విప్పుతున్నారు. దాన్ని నా చేతిలో పెట్టి, గొంతు తగ్గించి అడిగారు.

"నిన్ను కూడా లోపలెట్టి తాళమేసేసినారేటమ్మా?"

అవునన్నాను.

వచ్చే ఆదివారం, పదహారో తారీకున, ఇద్దరం ఎచ్చెర్ల మీ ఇంటికి వస్తున్నాం.