రెండోసారి

బావమరిది వేసిన ముడిని బావ విప్పాడు. విప్పి, అదే తాడుతో, అదే కొక్కేనికి, అదే ముడి మళ్ళీ వేశాడు. బావమరిది పడవని ట్రైలర్‌కి బిగించే పట్టీని నేలకేసి కొట్టాడు.

"అంతా నువ్వే చేసుకునేదానికి నన్నెందుకు పిలిచావు బావా? అక్క పక్కన బొమ్మలా నిలబడ్డానికా?"

పడవ పెద్దదేం కాదు. ఇద్దరు పడుకునే గది, అందులో ఒక గ్యాసు పొయ్యి, పక్కన సిలిండర్, గది నేల కింద పెట్రోలు ఇంజను. చలికాలమంతా షెడ్డులోనే ఉంది. ఇవాళ జీపు వెనక ట్రైలర్ మీద రేవుకి వెళ్ళాలి. రేవులో బావని అందరూ 'రెండోసారి' అంటారు. ఏ పనైనా తను చేస్తే రెండోసారి చూసుకుంటాడు. ఇంకొకరు చేస్తే మొదటి నుంచీ చేస్తాడు.

గది నేలకి రంగు వేసిన బ్రష్షు కడుగుతూ భార్య ఇదంతా చూసింది. బ్రష్షు పక్కన పెట్టి వచ్చింది.

"ఇవాళ వాడి పని మీరు మళ్ళీ ముట్టుకుంటే నేను పడవెక్కను," అంది. "నోటితో అడగండి. వాడు చేశానంటే చేసినట్టే."

"నోటితో అడిగితే ముడి బిగుస్తుందా?"

"మనిషి మిగులుతాడు."

బావమరిది పట్టీ తీసుకుని పడవలోకి ఎక్కాడు. పొద్దున ఆ పొయ్యి మీద టీ కాచి ముగ్గురికీ ఇచ్చింది అతనే. అప్పుడు అందరూ నవ్వుతూనే ఉన్నారు.

బావ భార్యని షెడ్డు వెనక్కి తీసుకెళ్ళాడు. అక్కడ దిమ్మల మీద ఇంకొకరి పడవ ఉంది. దానికి పైభాగం లేదు. మిగిలిన చెక్క బొగ్గయింది. వాళ్ళు పొయ్యి ఆర్పారు గానీ సిలిండర్ మెడ దగ్గర గ్యాసు ఆపే మర తిప్పలేదని చెప్పాడు. దారిలో కుదుపులకి గొట్టం వదులైంది. గ్యాసు గాలికంటే బరువు. పైకి పోదు, నీళ్ళలా దిగి పడవ అడుగున కూర్చుంటుంది. ఇంజను తాళం తిప్పినప్పుడు రేగే రవ్వ చాలు. గట్టు మీద విడిచిన చెప్పులే ఇంటివాళ్ళకి అందాయి.

"ఇందుకే చూస్తాను," అన్నాడు. "చాదస్తం కాదు."

"అయితే అదే అడగండి వాణ్ణి."

"అడుగుతాను. అడగడమే. ముట్టుకోను."

జీపు కదిలే ముందు బావ రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాడు. బరువంతా ముందుకి జరిపావా అని అడిగాడు. జరిపానన్నాడు బావమరిది, లంగరూ నీళ్ళ డబ్బాలూ ముందే ఉన్నాయి, వెనక బరువుంటే ట్రైలర్ తోక ఊపుతుందని తనకీ తెలుసు. జీపుకీ ట్రైలర్‌కీ మధ్య గొలుసులు కొక్కెం కింద కత్తెరలా వేశానన్నాడు. పడవ అడుగున నీళ్ళు వదిలే కన్నానికి బిరడా పెట్టి బిగించానన్నాడు.

"గ్యాసు కట్టేశావా?"

"కట్టేశాను బావా."

బావ చేతులు జేబుల్లోనే ఉండిపోయాయి. భార్య జీపు తలుపు తీసి ఎక్కింది.

రోడ్డు గుంతలమయం. ప్రతి గుంతకీ వెనక ట్రైలర్ ఎగిరిపడింది. సగం దారిలో బావ జీపు ఆపి, ట్రైలర్ చక్రం మధ్యన చేతి వెనకవైపు ఆనించి చూశాడు. లోపల గ్రీజు చాలకపోతే అక్కడ కాలుతుంది. కాలలేదు. ఆ గ్రీజు పెట్టింది బావమరిది. రెండో చక్రమూ చల్లగానే ఉంది.

"బాగా పెట్టావు," అన్నాడు బావ.

"ఏంటి? అక్కా, విన్నావా? నువ్వు సాక్షి." బావమరిది రేవు దాకా ఆ మాటనే తిప్పితిప్పి అన్నాడు. భార్య నవ్వింది. బావ కూడా కొంచెం నవ్వాడు.

నీళ్ళలోకి దిగే ర్యాంపు దగ్గర వరస పెద్దదిగా ఉంది. బావమరిది ట్రైలర్ లైట్ల తీగ లాగేశాడు, వెనక పట్టీలు విప్పాడు. జీపు వెనక్కి వెళ్ళింది, పడవ తేలింది. లోపలికి చుక్క నీరు రాలేదు. బిరడా బిగుతుగానే ఉంది. పట్టీలూ గొలుసులూ చక్రాలూ బిరడా, అడిగినవన్నీ అతను చెప్పినట్టే ఉన్నాయి.

భార్య జీపు పక్కకి పెట్టి వచ్చింది. కొత్త రంగు పాడవుతుందని చెప్పులు గట్టు మీద విడిచి పడవెక్కింది. బావ గదిలోకి దిగాడు. రంగు వాసన ముక్కు బద్దలు కొడుతోంది. ఇంజను అడుగు చూద్దామని అలవాటుగా నేల పలక ఎత్తబోయాడు. ఆ పలక మీద ఆమె పాదం ఉంది. ఆమె పాదం తీయలేదు.

బావ నిటారుగా నిలబడ్డాడు. వెనక వరసలో ఎవరో హారన్ నొక్కి వదల్లేదు.

"ఒరేయ్, గ్యాసు కట్టేశావుగా?" కిటికీలోంచి అడిగాడు.

పడవ ముందుభాగంలో తాడు చుట్టుకుంటున్న బావమరిది తల తిప్పకుండానే చెయ్యి ఊపాడు. ఆమె భర్త భుజం మీద చెయ్యి వేసింది. బావ ఇంకేమీ చూడలేదు. తాళం మీద వేళ్ళు పెట్టి తిప్పాడు.

"ఎన్నిసార్లు అడుగుతావు బావా, సిలిండర్ మెడకి తాడు రెండు చుట్లు తిప్పి మూడు ముళ్ళేసి మరీ కట్టాను, ఇక దొర్లమన్నా దొర్లదు."